పిడి కింది పేరు

“నువ్వు అడగడానికి రాలేదు నరహరీ. దొంగతనం నిశ్చయించుకుని, దానికి నా చేత దీవెన అక్షింతలు వేయించుకుందామని వచ్చావు.”

శేషగిరి పంతులు మాట కటువుగానే ఉండేది. శిష్యుడు నరహరికి పాత కత్తులు పోగుచేసే పిచ్చి. పొరుగింటి ముసలమ్మ అటక మీద తుప్పు పడుతున్న కత్తిని, మెరుగు పెట్టిస్తానని తెచ్చి ఉంచేసుకుంటే తప్పేమిటని అతడి ప్రశ్న. పంతులు వాదించలేదు. దుర్గోజీ అనే ఒకడి సంగతి చెప్పాడు.

దుర్గోజీ ముత్తాత తిమ్మోజీ సంస్థానపు గుర్రపు దళంలో రౌతు. యుద్ధంలో నేలకొరిగాడు, ఆయన కత్తి మాత్రం ఇల్లు చేరలేదు. దాన్ని వెతికి తెస్తానని దుర్గోజీ తండ్రికి మాటిచ్చాడు. ఊరూరా తిరగగా తిరగగా వెతుకులాట పోయి కత్తుల మీద ఆశ మిగిలింది. రౌతుల ఇళ్లలో కనిపించిన కత్తినల్లా మెరుగు పెట్టించి ఇస్తానని తెచ్చేవాడు. మళ్లీ ఇచ్చేవాడు కాదు. దళం కత్తులన్నీ ఒకే తీరువి. పిడి కింద ఫారసీలో చెక్కిన రౌతు పేరొక్కటే తేడా. మొదట్లో ఆ పేర్లు ఫారసీ చదవగల మున్షీ చేత చదివించేవాడు. చదివినవాడు రేపు సాక్షి అవుతాడని తోచి, అదీ మానేశాడు. తెచ్చిన కత్తిని తెచ్చినట్టే సానకిచ్చి, పేరు అరగదీయించేవాడు.

క్రమంగా అయినవాళ్లు కూడా అతడి గడప తొక్కడం మానుకున్నారు. గోడల నిండా కత్తులు. పలకరించే మనిషి లేడు.

ఒకనాడు ఖాసింబీ అనే ముసలామె వచ్చింది.

“కత్తి మెరుగు ఇంకా కాలేదా అయ్యా? ఈలోగా నా తల మెరిసిపోయింది.”

“ఏ కత్తి? ఇక్కడున్నవన్నీ నావే.”

“నీవేమో గాని, అది మాది కూడా కాదు. మా తాత పక్కన పోరాడి పడిపోయిన తిమ్మోజీది. వాళ్లవాళ్లు ఎప్పుడైనా వస్తే ఇమ్మని చెప్పి పోయాడు.”

దుర్గోజీ ఆమె దగ్గరికి వచ్చాడు. “ఆ రోజే చెప్పకపోయావా అమ్మా?”

“ఆ రోజు నువ్వు పేరు అడగలేదు. తుప్పు చూసి పట్టుకుపోయావు.”

ఆమె చేయి పట్టుకుని గదిలోకి తీసుకువెళ్లాడు. వాటిలో తిమ్మోజీ కత్తి ఏదో చూపించమని బతిమాలాడు. ఆమె ఒక్కొక్క కత్తినీ పిడి కింద వేలితో తడుముతూ గోడ చివరిదాకా వెళ్లింది.

“పేరేదయ్యా?” అంది.

నరహరి అడిగాడు. “తరువాతైనా దొరికిందా?”

“దొరికే ఉంది. ఆ గదిలోనే ఉంది,” అన్నాడు పంతులు. “ఆయుధపూజనాడు తలుపు తీస్తాడు. దేనికి మొక్కాలో తెలియదు. మళ్లీ వేసుకుంటాడు.”