వంకాయ ముక్కు కూజా

అనగా అనగా, కుండలకు నోరూ మెడా పొట్టా ఉన్నాయి గానీ ముక్కూ చెవులూ లేవేమని ఒకావిడ బెంగపెట్టుకుంది. ఆవిడ ఏలేటిపురం కుమ్మరి సన్యాసమ్మ. బెంగతో కూర్చుంటే ఏమొస్తుంది? ఇంటి వసారాలో సారె తిప్పి, తనే పెట్టడం మొదలెట్టింది. ఒక కూజా మూతి ముడిచేది, ఒక ముంత కన్ను గీటేది. ఊళ్ళో పిల్లలు పడీపడీ నవ్వేవారు. అడిగి మరీ ఆ ముంతల్లోనే మజ్జిగ తాగేవారు.

ఓనాడు మంత్రిగారు అటుగా వెళ్తూ చాటంత చెవుల ముంతను చూశారు. "ఓసీ, ఇవి నా చెవులే!" అని మండిపడ్డారు.

మర్నాడు సేనాపతి బూరెబుగ్గల కడవను చూశాడు. "ఇవి నా బుగ్గలే!" అని కళ్ళెర్రజేశాడు. ఇద్దరూ వెళ్ళి రాజుగారి చెవిలో ఊదారు.

మూడోనాడు రాజుగారే వచ్చారు, వాళ్ళిద్దర్నీ వెంటేసుకుని. వసారాలో ఎదురుగా ఓ కూజా, దానికి వంకాయంత ముక్కు. రాజుగారి ముక్కూ, మనలో మాట, వంకాయంతే!

"ఎంత పొగరే నీకు! ఎవరి ముక్కిది? నిజం చెప్పకపోయావో, నీ సారె విరగ్గొట్టిస్తాను!"

సారె పోతే సన్యాసమ్మకి ఇంకేముంది?

"గరుత్మంతుడి ముక్కని చెప్పవే!" అని పొరుగింటావిడ గుసగుసలాడింది.

సన్యాసమ్మకు అబద్ధం నోట పలకదు. "ముక్కు నాదే మహారాజా. ఆ చెవులూ బుగ్గలూ కూడా నావే" అంది.

రాజుగారు ఆవిడ మొహంలోకి చూశారు. బఠాణీ గింజంత ముక్కు! "ఎవరి చెవిలో పువ్వు పెడతావు?" అని గద్దించారు.

"నేను చెయ్యి తడుపుకునే తొట్టి ఇదిగో బాబూ. చెయ్యి ముంచితే నీళ్ళు కదులుతాయి. అందులో నా మొహం ఎలా సాగితే అలా చేస్తాను. మీరూ ఓసారి చూడండి!"

రాజుగారు వంగారు. సన్యాసమ్మ నీళ్ళు కదిపింది. అంతే! రాజుగారి ముక్కు పొట్లకాయంత సాగింది, చెవులు తామరాకులంత విచ్చుకున్నాయి. రాజుగారు ముందు కిసుక్కుమన్నారు, తర్వాత పకపకా నవ్వారు, ఆ తర్వాత కిరీటం జారి తొట్టిలో పడేదాకా నవ్వారు. మంత్రినీ సేనాపతినీ మెడలు వంచి చూపిస్తే, వాళ్ళూ నవ్వలేక చచ్చారు.

"సన్యాసమ్మా, నాకూ ఒక కూజా చెయ్యి" అన్నారు రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ. "మొహమాటపడకు, ముక్కు ఇంకాస్త పొడుగ్గా పెట్టు!"

ఆ కూజాను సింహాసనం పక్కనే పెట్టుకున్నారు. దాన్ని చూసి ఎవరికైనా నవ్వొస్తే, వాళ్ళకంటే ముందు రాజుగారే నవ్వేవారు.

చూశారా పిల్లలూ, తనను చూసి తాను నవ్వుకోగలిగిన వాణ్ణి ఎవరూ వెక్కిరించలేరు.