మాంత్రికుడి కొయ్య ఇల్లు

అనగనగా ఓ రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తిసాములో మొనగాడు, రెండోవాడు గుర్రపుస్వారీలో మొనగాడు. మూడోవాడు వర్ణకేతు మాత్రం నీళ్ల గిన్నె, రంగులు పట్టుకుని పాత కొయ్య ఇళ్లూ పశువుల కొట్టాలూ వెతుక్కుంటూ తిరిగేవాడు. మేడలుండగా కొట్టాల బొమ్మలేమిట్రా అని అన్నలు నవ్వేవాళ్లు. అతను పట్టించుకునేవాడు కాదు.

ఓనాడు ధూమకేశుడనే మాంత్రికుడు పొరుగు రాకుమారి మందారవల్లిని ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల తన కొయ్య ఇంట్లో బంధించాడు. వాడి ప్రాణం చిలకలో ఉంది. ఆ చిలక ఆ ఇంటి గోడలో ఏదో ఒక పలక వెనక ఉంది, అది బయటికి ఎగిరిపోతే వాడు చచ్చినట్టే. పెద్దవాడు వెళ్లి కత్తితో ఓ పలక చీల్చాడు. అది తప్పు పలక. అంతే, తానే పలకై గోడకు అతుక్కుపోయాడు. రెండోవాడి గతీ అంతే అయింది.

మిగిలింది నువ్వొక్కడివే, వెళ్లొద్దని రాజుగారు ఏడ్చారు.

"పాత కొయ్యను నా అంతగా చూసినవాడు మన రాజ్యంలో ఎవరున్నారు నాన్నగారూ? అన్నలను తీసుకొస్తాను," అన్నాడు వర్ణకేతు.

దారిలో దాహంతో సొమ్మసిల్లిన వడ్రంగిపిట్టకు బొమ్మ కోసం దాచుకున్న నీళ్లు పట్టాడు. ఎంత గట్టి కొయ్యనైనా మూడు పోట్లలో తొలిచేస్తానంటూ అది అతని భుజమెక్కింది.

ఏడు సముద్రాలూ దాటి, మీ ఇంటి బొమ్మ వేస్తానని మాంత్రికుణ్ణి అడిగాడు. వాడికి తన ఇల్లంటే మహా గొప్ప. సరేనన్నాడు.

మొదటిరోజు ఆకాశం వేశాడు. రెండోరోజు ఎండకు ఎండి వానకు తడిసి తాతగారి జుట్టులా నెరిసిన పలకలన్నీ వేశాడు. మూడోరోజు చూరు కింది పలకలు. అక్కడికి వాన రాదు, ఎండా పడదు. అందుకే అవన్నీ గోధుమరంగులోనే ఉన్నాయి, ఒక్కటి తప్ప. దాన్ని ఖాళీగా వదిలేశాడు.

"ఈ పలకకు రంగు వేయలేదేం?" అన్నాడు మాంత్రికుడు.

"దానికి మీరే వేశారుగా," అన్నాడు వర్ణకేతు.

చిలకను దాచిన కొత్త పలకకు మాంత్రికుడు బూడిదరంగు పూసి పాతదనిపించాడు. వాన ఎక్కడ పడుతుందో మాత్రం చూసుకోలేదు, పిచ్చివాడు.

వడ్రంగిపిట్ట మూడంటే మూడే పోట్లు పొడిచింది. చిలక తుర్రుమంది. దాంతోపాటే మాంత్రికుడి ప్రాణమూ పోయింది. పలకలు మనుషులయ్యాయి. అన్నలిద్దరూ తమ్ముణ్ణి వాటేసుకుని భోరుమన్నారు.

మందారవల్లి వర్ణకేతును ఇష్టపడి పెళ్లాడింది. అరవై ఏళ్లు ఇద్దరూ రాజ్యాన్ని చల్లగా ఏలారు. అన్నలు ఇంకెప్పుడూ కొట్టాల బొమ్మలను చూసి నవ్వలేదు, ఏ కొయ్య గోడకూ ఆనుకుని కూర్చోనూ లేదు.