లోపలి గోడ, బయటి గోడ

లోకంలో ఎవరికీ భయపడనని గవిరయ్య చెప్పుకునేవాడు. ఇంటి ఓనరు సూరపరాజు గారు దగ్గితే మాత్రం లేచి నిలబడేవాడు.

గదిలో ఇస్త్రీ బల్ల పట్టక, అరుగు మీద పని చేసుకుందామని బయటి గోడకు మూత ఉన్న ప్లగ్గు పెట్టించాడు. సాయంత్రం సూరపరాజు గారు కర్ర ఊపుకుంటూ వచ్చారు.

"నీకు అద్దెకిచ్చింది లోపలి గోడే. బయటిది నాది. పీకెయ్."

"చిత్తం," అని గవిరయ్య లోపలికెళ్లి ఇంకో తీగ విప్పేశాడు. గుమ్మం పైన వెలుగుతున్న సూరపరాజు గారి పేరు బోర్డు ఆరిపోయింది.

"అదెందుకురా పీకావు?"

"నా గోడ మీంచి వస్తోందండి. తమ గోడ మీంచి లాక్కోండి."

సూరపరాజు గారు చీకటి బోర్డుకేసి చూశారు. "సరే, రెండూ ఉండనీ. తగిలించు."

గవిరయ్య తల గోక్కున్నాడు. "ఎలక్ట్రీషియన్ని పిలవాలండి. విప్పడమే గానీ కలపడం రాదు నాకు."