చిత్రశాల గడప తొక్కని పరీక్షకుడు

కుందవరం ఏలే జగన్నాయకరాయలుగారికి ఒకనాడు తాంబూలం నములుతుంటే బుద్ధి పుట్టింది.

"మా నిలువెత్తు బొమ్మ కావాలి. ఒక్క తప్పుండకూడదు. ఉందా, చిత్రశాల వేరేవాళ్ళకి!"

నిజానికి ఆ బుద్ధి ఆయనది కాదు. చెవిలో ఊదింది బొమ్మల మంచిచెడ్డలు తేల్చే ఆస్థాన పరీక్షకుడు శరభయ్య పంతులు. ఆయనకో బావమరిది ఉన్నాడు. కుంచె ఏ కొసన పట్టుకోవాలో తెలియదుగానీ, చిత్రశాల మీద మాత్రం మహా ఆశ.

చిత్రశాల అప్పుడు కోనమ్మది. నడక వచ్చీరాని వయసులోనే తండ్రి పక్కన చేరి రంగులు నూరింది. ఆయన పోయాక కుంచె తనే అందుకుంది. సేనాపతి బొజ్జని బొజ్జలాగే వేసి తిట్లు తింది. రాణిగారి పుట్టుమచ్చని ఉన్నచోటే పెట్టి పట్టుచీర గెలుచుకుంది. ఇల్లూ, కూడూ, బతుకూ అన్నీ ఆ చిత్రశాలే. ఇప్పుడదే చేజారేట్టుంది.

పంతులు బొమ్మలకి వంకలు పెట్టడంలో ఘనుడు. బొమ్మ ఎలా వేస్తారో మాత్రం ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. రంగుల్లో కలిపే చింతగింజల జిగురు కంపు పడదట, అయ్యగారి ముక్కుకి!

బొమ్మ చూపించాల్సిన దర్బారు రోజు రానే వచ్చింది. ముసుగు కప్పిన బొమ్మని భటులు మోసుకొచ్చి నిలబెట్టారు. పక్కనే కోనమ్మ, చేతిలో రంగుగిన్నె, సన్నకుంచె.

ముసుగు తీస్తే సభంతా ఆహా ఓహో అంటుంది. ఆ గోలలో తన మాట ఎవడు వింటాడు? అందుకే పంతులు ముందే లేచాడు.

"తీయనక్కర్లేదు ప్రభూ! నిన్న నేనే చిత్రశాలకి వెళ్ళి చూసొచ్చాను. నిండా తప్పులే!"

నిన్నంతా తలుపు గడియపెట్టుకుని లోపల కూచున్నది కోనమ్మే. ఒళ్ళు మండింది. అయినా గొంతుకి వెన్న రాసుకుంది.

"అయ్యో, ఆ జిగురు కంపులోకి వచ్చారా పంతులుగారూ?"

"రాజకార్యం కదమ్మా! ముక్కు మూసుకున్నాను."

"కళ్ళు తెరుచుకునే ఉన్నాయి కదా? మరి మీసం ఎలా కుదిరింది?"

"ఏదో ఏడిసింది."

"కళ్ళో?"

"అక్కడే కొంప ముంచావు! కుడికన్ను జారిపోయింది. ఎడమకంట్లో దొంగచూపు!"

రాయలుగారి ముఖం కందగడ్డయింది. "మాకు దొంగచూపా?"

"మీకు కాదు ప్రభూ! ఈవిడ పెట్టింది!"

"బాగా చూశారా పంతులుగారూ?"

"దగ్గరికెళ్ళి మరీ చూశాను!"

కోనమ్మ ముసుగు లాగేసింది.

తలపాగా, మెలితిరిగిన మీసం, గడ్డం మీద చిన్న గాటు, అచ్చం రాయలుగారే. కళ్ళుండాల్సిన చోట మాత్రం ఉత్త తెలుపు.

"కళ్ళు ఆఖరున పెట్టడం మా ఇంటి ఆచారం ప్రభూ. అదీ మనిషి ఎదురుగా ఉన్నప్పుడే. నేనింకా పెట్టనే లేదు. పంతులుగారు ఎవరి కళ్ళు చూసొచ్చారో!"

సభ గొల్లుమంది. రాయలుగారికి నవ్వుతో తాంబూలం పొలమారింది. ఆ నవ్వు కళ్ళలో ఉండగానే కోనమ్మ కుంచె ముంచి రెండు కళ్ళూ పెట్టేసింది.

"ఓహో, మమ్మల్నే చూసి నవ్వుతోందే!" రాయలుగారు మెడలో హారం తీసి ఆమె చేతిలో పెట్టారు. "చిత్రశాల నీది, నీ తరవాత నీ పిల్లలది. మరి ఈ పంతుల్ని ఏం చెయ్యమంటావు?"

"ఏం వద్దు ప్రభూ. ఆయన బొమ్మ కూడా వేస్తాను. అది పూర్తయ్యేదాకా పెదవి కదపకుండా కూచుంటే చాలు."

"ఎన్నాళ్ళు పడుతుందేం?"

"తొందరేముంది ప్రభూ!"