రాజు చేతి దిద్దుబాటు

ఒకానొక రాజ్యంలో మనిషి ప్రాణం చవక, రాతిగోడ ప్రియం. అక్కడి రాజు కంఠీరవరాయలు వానలు తగ్గకముందే కోటగోడ లేపమన్నాడు. గోడ కూలింది. పదకొండుమంది ఉప్పరులు దాని కింద పడి పోయారు. "ఎవరూ చావలేదు" అని రాజు దండోరా వేయించి, ఆ పునాది మీదే మళ్లీ గోడ లేపించాడు.

ఆపైన బడుల్లో చదివేవాళ్లంతా కోటగోడ మీద వ్యాసం రాయాలనీ, మంచివి రాజభాండారంలో దాస్తామనీ ఆజ్ఞ వేశాడు. "గురువులు దిద్దవచ్చు. నేను దిద్దితే మాత్రం అది శాసనం. ఇక దాన్ని ఎవరూ ముట్టరాదు" అని కూడా చాటించాడు.

ఉప్పరి ఓబన్నకు అరవై దాటాయి. కొడుకు ఆ గోడ కిందే పోయాడు. వాడి పేరైనా రాయగలిగితే చాలని, పని దిగాక భద్రభట్టు బడికి వెళ్లి అక్షరాలు నేర్చాడు. తాటాకు మీద గంటంతో గీసిన అతని వ్యాసంలో పదకొండు పేర్లున్నాయి, అంతే.

"వర్ణన ఏదిరా? దిద్దుకురా," అన్నాడు భట్టు.

ఓబన్న దిద్దుకొచ్చాడు. "గోడ చాలా ఎత్తు. దాన్ని పదకొండుమంది కింద నుంచి మోస్తున్నారు." ఆ కింద మళ్లీ అవే పేర్లు.

భట్టు ఆకును చప్పున బోర్లించాడు. "ఓరి ఓబిగా! వ్యాసం దిద్దుకురమ్మంటే నా మెడకు ఉరితాడు పేనుకొచ్చావా?"

"ఉన్నది రాశాను అయ్యవారూ. లేనిది రాయడం మీరింకా నేర్పలేదు."

మాట రాజు చెవిన పడింది. ఇద్దరినీ సభకు ఈడ్చుకొచ్చారు.

"ఆ పేర్లు తీసెయ్. లేదా రాసిన చేయి తీయిస్తాను," అన్నాడు రాజు. తలారి అప్పటికే కత్తి పట్టుకుని ఉన్నాడు.

"రెండుసార్లు రాశాను దొరా. ఈ మొరటుచేతికి ఇంతకన్నా రాదు. తమరే దిద్దండి. తమరి చేతిని మించిన చేయి ఉందా?"

రాజు మీసం కదిలింది. "ఎలా దిద్దాలి?"

ఓబన్న సభలోని దీపపుమసి, నూనె ఒక చిప్పలో కలిపి రాజు ముందు పెట్టాడు. "నచ్చని వరుసల మీద నల్లగా పూసెయ్యండి."

భట్టు నోరు తెరిచాడు. ఓబన్న ఆయన కళ్లలోకి చూశాడు. భట్టు నోరు మూసుకున్నాడు.

రాజు వేలు ముంచి పేర్లన్నిటి మీదా పులిమి, తాటాకును విసిరేశాడు. "ఇప్పుడేవిరా నీ పేర్లు?"

ఓబన్న కండువా కొసతో ఆకు తుడిచాడు. పైమసి పోయింది. గీతల్లోకి దిగిన మసి దిగినట్టే ఉంది. గంటంతో గీసింది మసి పట్టేదాకా సరిగా కనబడదని రాసేవాడికి ఎవడికైనా తెలుసు. రాజుగారు ఏనాడూ రాసినవారు కారు, రాయించినవారు.

"ఇందాకటిదాకా వెలుగుకు వంచి చూస్తేగాని కనబడలేదు దొరా. తమరి చేతి చలవ, ఇప్పుడు నా ముసలికళ్లకూ ఆనుతున్నాయి. తమరు దిద్దింది శాసనం కదా!"

తలారి రాజు ముఖం చూశాడు. రాజు తన నల్లటి వేలు చూసుకున్నాడు. సభంతా ఆ వేలినే చూస్తోంది. చివరికి ఆయన నవ్వాడు. ఆయన ఒక్కడే నవ్వాడు.

"గెలిచావురా ముసలాడా! చేతికి బంగారు కడియం తొడిగించనా?"

"చేయి మిగిలింది, చాలు దొరా. భాండారంలో పెట్టేముందు ఆ ఆకు ఒక్కసారి పైకి చదివించండి."

రాజు తల ఊపాడు. భట్టు చదివాడు. పదకొండోది ఓబన్న కొడుకు పేరు, చినగంగన్న. అది చదివి భట్టు అలవాటుకొద్దీ గంటం ఎత్తాడు.

"దిద్దాల్సింది ఏమన్నా ఉందా అయ్యవారూ?"

భట్టు గంటం దించేశాడు.

"లేదు, ఓబన్నా."