కొండమ్మ మూడు ముళ్ల మందు

అనగా అనగా ఒక వెదురడవిలో కొండమ్మ అనే ఏనుగు పిల్ల ఉండేది. పిల్ల అంటే మరీ పిల్ల కాదు, పదమూడేళ్లు. దానికి పులంటే భయం లేదు, పిడుగంటే భయం లేదు. ముల్లంటే మాత్రం ఒళ్లంతా వణుకు.

ఒకరోజు ఒక పిచ్చినక్క వచ్చి దాని కాలు కరిచింది. ఆ అడవికి వైద్యుడు తిరుపాలు అనే ముసలి ముళ్లపంది. అతను తన ముల్లును ఆకు పసరులో ముంచి కండలో గుచ్చితేనే ఆ విషం విరుగుతుంది. మూడు రోజులు, మూడు ముళ్లు. ఒక్కటి తప్పినా ప్రాణం దక్కదు.

మొదటి రోజు వెలగపండ్లు తిందాం రమ్మని అమ్మ తీసుకెళ్లింది. చెట్టు కిందికి వెళ్లగానే మేనమామ భద్రుడు వెనక నుంచి అదిమి పట్టాడు. ఏం జరుగుతోందో తెలిసేలోపే, చెట్టు చాటున దాక్కున్న తిరుపాలు ముల్లు దించాడు. నొప్పి కాసేపట్లో పోయింది. కోపం పోలేదు. అమ్మ తెచ్చిన మేత కొండమ్మ ముట్టలేదు.

రెండో రోజు భద్రుడు కోతులను కూడా పోగేశాడు. ఇంత ఒళ్లు పెట్టుకుని పుల్లంత ముల్లుకు ఏడుస్తుందట చూడండని నవ్వించాడు. కొండమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. తొండం విసిరి పసరు కుండ పగలగొట్టింది. అడ్డొచ్చిన మామను నెట్టేసి, పోయి ఏటి మధ్యలో నిలబడింది.

తిరుపాలు ఒడ్డుకు ఉరికి వచ్చాడు. పొద్దుటి నుంచి నూరిన మందంతా మట్టిపాలు చేశావని తిట్టాడు.

“తిట్టు తాతా,” అంది కొండమ్మ. “నాకు భయమని నేనెప్పుడూ దాచలేదు. అబద్ధం చెప్పింది మీరు. నవ్వింది మీరు. చచ్చిపోతానని తెలిసినా మీ దగ్గరికి రాబుద్ధి కావడం లేదు.”

ఆ అబద్ధంలో తిరుపాలుకూ పాలుంది. మెల్లగా నీళ్ల అంచున కూర్చున్నాడు.

“తప్పు చేశాం. ఇప్పుడు నిజం చెబుతాను, విను. ముల్లు దిగేటప్పుడు నొప్పి పుడుతుంది. అయిదు అంకెలు లెక్కపెట్టేంత సేపు. మందు మళ్లీ నూరతాను. పొద్దు గూకేలోపు వేయించుకోకపోతే నువ్వు బతకవు. అది నీ చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు. మిగిలినవన్నీ నీ ఇష్టం.”

కొండమ్మ ఎడమ భుజానికి వేయమంది. పడుకుని వేయించుకుంటానంది. కోతులు ఉండకూడదంది, మామ అసలే ఉండకూడదంది. అమ్మ ఉండొచ్చు గానీ పట్టుకోకూడదు. తను చెప్పేదాకా ముల్లు తాకకూడదు.

అన్నిటికీ ఒప్పుకున్నారు. మందు సిద్ధమయ్యాక కొండమ్మ ఒడ్డున పడుకుంది. ఆగమంది. తిరుపాలు ఆగాడు. మళ్లీ ఆగమంది. పొద్దు దిగిపోతున్నా మళ్లీ ఆగాడు. కొండమ్మ తొండం నిండా గాలి పీల్చి మెల్లగా వదిలింది.

“ఇప్పుడు,” అంది.

నొప్పి పుట్టింది. అయిదు లెక్కపెట్టింది. తగ్గింది.

లేచి నేరుగా భద్రుడి దగ్గరికి వెళ్లింది. “మామా, ఇంకోసారి నా భయాన్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తే నీతో మాట్లాడను,” అంది. భద్రుడు తల దించుకున్నాడు.

మూడో రోజు ఎవరూ పిలవలేదు. కొండమ్మే తిరుపాలు దగ్గరికి బయలుదేరింది. కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. వణుకుతూనే నడిచింది.

నీతి: భయపడేవాళ్లను మోసం చేసినా, ఎగతాళి చేసినా ఆ భయం కోపంగా మారుతుంది. నిజం చెప్పి వాళ్ల మాట వింటే, ధైర్యం వాళ్లే తెచ్చుకుంటారు.