కొట్టేసిన లైన్లు

“ఎవరికీ అక్కర్లేని లైనుని తీసేస్తే తప్పేమిటి మాస్టారూ?” అని అడిగింది వకుళ. అడిగింది అనడం మర్యాదకి, నిజానికి దెబ్బలాడింది. పరాంకుశం మాస్టారు ఇంజనీరింగ్ కాలేజీలో ముప్పయ్యేళ్లు కంపైలర్ల పాఠం చెప్పి రిటైరైనవారు. వకుళ ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు సొంతంగా ఒక కంపైలర్ తయారుచేసింది. మెచ్చుకుంటారని తీసుకొస్తే, వచ్చిన దగ్గర్నుంచీ ఆయన నోట ఒక్క మంచి మాట లేదు. ఆమెకి ఒళ్లు మండిపోతోంది.

సంగతి ఇది. మనిషి రాసిన ప్రోగ్రాంని యంత్రం భాషలోకి దించేముందు కంపైలర్ దాన్ని ఒక బొమ్మగా గీసుకుంటుంది. ఏ విలువ ఎక్కడ పుట్టింది, ఎటు పోయింది, ఎవరు వాడుకున్నారు, అన్నీ బాణాలు. ఎవరూ వాడుకోని విలువని పుట్టించే లైను దండగ అని దాని లెక్క, కొట్టేస్తుంది. కొట్టేయడంలో వకుళ కంపైలర్‌ది అందె వేసిన చెయ్యి. ఏటి ఒడ్డున ఎత్తిపోతల పంపుహౌసుని నడిపే ప్రోగ్రాంని కిందటి నెల దానితోనే మళ్లీ తయారుచేశారు. ఆ కొత్త ప్రోగ్రాంతో మొట్టమొదటిసారి పెద్ద పంపుని ఆన్ చేసిన రోజునే అది చుక్క నీరెత్తకుండా తిరిగి తిరిగి కాలిపోయింది. విచారణ కమిటీ, అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, ఆపరేటర్ గొర్లె అప్పన్న డ్యూటీ వదిలి టీకి పోయి ఉంటాడని తేల్చేసింది. ప్రోగ్రాం సంగతి తెలిసినది తనే కాబట్టి, కమిటీ తరఫున అతని వాంగ్మూలం రాసుకున్నదీ వకుళే. ప్రోగ్రాంలో దోషం లేదని ఆమె సంతకం పెట్టిన రిపోర్టు ఈ సాయంత్రం అందితే చాలు, అప్పన్న ఇరవై రెండేళ్ల ఉద్యోగం ఊడిపోతుంది.

“ఏవి తీశావు?” అన్నారు మాస్టారు.

“గాలి వాల్వుకి ‘తెరువు’ అని ఒక లైను. తర్వాత నలభై సెకన్లు ఊరికే తిరిగే లూపు. ఆ తర్వాత అదే వాల్వుకి ‘మూయి’. మధ్యలో ఆ వాల్వు ఊసెత్తినవాళ్లు లేరు. మూసేదాన్ని తెరవడమెందుకు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల? తెరవడాన్నీ లూపునీ తీసేసి, మూయడం ఒక్కటీ ఉంచాను. కావాలంటే మీరే చూడండి, బొమ్మలో ఒక్క బాణం తెగలేదు.”

ఆయన బొమ్మ వైపు చూడనేలేదు. “అప్పన్న ఏం చెప్పాడు?” అన్నారు. వకుళ ఫైలు తీసి గడగడా చదివింది. ఆరూ పదికి పంపు ఆనైంది, ఆరూ ఇరవై అయిదుకి వాసన వచ్చింది, ఆపరేటర్ ఆపాడు. మూడు పేజీల వాగుడుని ఆరు లైన్లకి దింపానని చెబుతున్నప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం కూడా పలికింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. రాసేవాళ్ల దగ్గరికొస్తే చెప్పేవాడే లోకువ.

మాస్టారు కుర్చీలోంచి లేచి వరండా వైపు కేకేశారు. పంపు సంగతి ముందే చెవిన పడి పొద్దుటే కబురు పెట్టి రప్పించినట్టున్నారు, అప్పన్న లోపలికొచ్చి నిలబడ్డాడు. ఆయన అతన్ని తన కుర్చీలో కూర్చోబెట్టారు.

“ఆ రోజు సంగతి మళ్లీ చెప్పు అప్పన్నా. అమ్మాయ్, నువ్వు రాయి. అతను దగ్గితే దగ్గాడని కూడా రాయి.”

“ఎన్నిసార్లు సెప్పాలి బాబూ?” అప్పన్న మొహం కందగడ్డయింది. “సెప్పినప్పుడల్లా కాయితం సన్నమైపోతంది.”

అయినా చెప్పాడు. “పంపు తిరిగేముందు గాలి వాల్వు ఇప్పి, నలభై లెక్కెట్టీదాకా బుస్సుమని గాలి పోనియ్యాల. పంపు కడుపులో గాలుంటే నీరెత్తదు. ఇరవయ్యేళ్లు ఆ వాల్వు నా సేత్తోనే ఇప్పినాను, కట్టినాను. కంప్యూటరొచ్చాక అదే ఇప్పుకునీది. ఆ పొద్దు బుస్సుమన్లేదు. నాను పక్కనే ఉన్నాను. సేత్తో ఇప్పుదామంటే, ఏ వాల్వూ తాకరాదని కాయితం అంటించీసినారు. కింద మీ సంతకమే గదమ్మా? ఆఫీసుకి ఫోను సేసినాను, ఎత్తినోడు లేడు. వాసనొచ్చీసరికి ఉజ్జోగం పోతే పోయిందని నానే ఆపీసినాను. ఇదంతా మొదటి దినమే సెప్పినాను. మీరు రాసుకున్నారు కూడాను.”

వకుళ కలం పక్కన పెట్టింది. ఫైలు అడుగున ఉన్న పాత పేజీలు తిరగేసింది. రెండో పేజీలో, తన దస్తూరీలోనే, బుస్సుమనకపోవడమూ ఉంది, ఫోనూ ఉంది, కాగితమూ ఉంది. వాటి మీద పెన్సిల్ గీత, పక్కన ‘అనవసరం’ అని మాట. ఆ మాటా తనదే. ఇంతసేపూ మాస్టారి మీదా, కమిటీ మీదా, ఎదురుగా కూర్చున్న ఈ మనిషి మీదా రగిలిన కోపమంతా వెళ్లే చోటు లేక తన మీదికే తిరిగింది.

రిపోర్టుని అడ్డంగా చింపేసి కొత్త కాగితం తీసుకుంది. ‘కంపైలర్ పొరపాటున’ అని మొదలుపెట్టింది. మాస్టారు పక్కనుంచి చూసి, “కంపైలర్ చేసినవాళ్లకి పేరు లేదా?” అని గద్దించారు. ఆమె ఆ మాట కొట్టేసి, ఆ లైన్లు తీసేసింది తానేననీ, ఆపరేటర్ పంపు పక్కనే ఉన్నాడనీ, అతను చెప్పింది దాచింది కూడా తానేననీ రాసి సంతకం పెట్టింది.

“అయితే నా ఉజ్జోగం?” అన్నాడు అప్పన్న.

“మీది ఉంటుంది అప్పన్నగారూ. నాది ఉంటుందో లేదో రేపు తెలుస్తుంది.”

ఆమె మాస్టారి వైపు తిరిగింది. “అన్నీ ఉంచితే అది బొమ్మే కాదు. ఏది ఉంచాలో, ఏది వదలాలో ఎలా తెలుస్తుంది మాస్టారూ?”

ఆయన కోపం ఇంకా దిగలేదు.

“నన్నెందుకమ్మాయ్ అడుగుతావు, వాల్వు తిప్పినవాడు నీ ఎదురుగా కూర్చునుంటే?”